మాటలు లేని నవల

చిత్రకథలలో బొమ్మ, మాట జంటగా నడవడం పరిపాటి. మాటను పూర్తిగా విడిచి, బొమ్మలతోనే సాగిన నవల ‘ది అరైవల్’. ఆస్ట్రేలియాకు చెందిన రచయిత, చిత్రకారుడు షాన్ టాన్ దీనిని 2006లో వెలువరించాడు. ఆయన తండ్రి మలేషియా నుండి ఆ దేశానికి వలస వచ్చినవాడు.

స్వస్థలాన్ని భయంకరమైన నీడలు కమ్ముకొనగా, ఒక వ్యక్తి భార్యను, కుమార్తెను విడిచి, సముద్రం దాటి ఒక మహానగరం చేరుకొంటాడు. అక్కడి కట్టడాలు, ఆహారపదార్థాలు, జంతువులు, చివరకు లిపి కూడా కల్పితాలే. ఆ లిపిని చదవగలవారు లోకంలో ఎవరూ లేరు. అందువల్ల పాఠకుడు ఎంతటి విద్యావంతుడైనా కథానాయకునితో పాటు తడబడక తప్పదు. గోడపత్రికలు అంటించే పనిలో కుదిరిన అతడు, అక్షరాలు తెలియక వాటిని తలక్రిందులుగా అంటించి ఆ పనిని పోగొట్టుకొంటాడు. పరాయిచోట చదువుకొన్నవాడు కూడా నిరక్షరాస్యుడు కావడం వలసజీవితంలోని విషాదం. ఆ విషాదాన్ని పాఠకుని అనుభవంలోకి తేవడమే ఇందలి కల్పనకు పరమార్థం.

చిత్రరచన కూడా ఈ లక్ష్యానికి అనుగుణమైనదే. పెన్సిలుతో గీసిన బొమ్మలు గోధుమవన్నె తిరిగిన పాత ఛాయాచిత్రాలను తలపిస్తాయి. కనుక వింతజంతువులు సైతం ఏ కుటుంబపు ఆల్బమ్‌లోనో చూసినవిగా తోస్తాయి. ఓడప్రయాణం ఎంతకాలం సాగిందో చెప్పడానికి మాట అవసరం కాలేదు. రెండు పుటలలో మారుతూ పోయే 60 మేఘచిత్రాలు ఆ కాలదైర్ఘ్యాన్ని తెలుపుతాయి.

చివరకు భార్య, కుమార్తె అతనిని చేరుకొంటారు. కొత్తగా వచ్చి దిక్కుతోచక నిలిచిన ఒక స్త్రీకి ఆ బాలిక దారి చూపడం ఆఖరి చిత్రం. నిన్నటి పరదేశి నేడు మార్గదర్శి కావడమే ఈ నవల సందేశం.