పేజీ కదలకుండా కబురు

1990లలో వెబ్‌లో దేన్ని నొక్కినా పేజీ మొత్తం పోయి, మళ్లీ మొదటి నుంచీ దిగేది. పాఠకుడికి కావలసింది ఒక్క ముక్కే అయినా సర్వర్ పేజీ అంతా పంపాల్సిందే.

ఈ బాధను మైక్రోసాఫ్ట్‌లో ఈమెయిల్‌ను బ్రౌజర్‌లో చూపించే ఔట్‌లుక్ వెబ్ యాక్సెస్ బృందం గట్టిగా పట్టించుకుంది. తెరవెనక సర్వర్‌తో మాట్లాడే చిన్న భాగాన్ని అలెక్స్ హాప్‌మన్ రాశారు. అప్పటికే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 విడుదల దగ్గరపడింది. అందుకని బ్రౌజర్‌తో పాటు వెళ్తున్న ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో దాన్ని చేర్చారు. 1999 మార్చిలో అది జనంలోకి వచ్చింది. తర్వాత మొజిల్లా అదే పని చేసే భాగాన్ని ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ పేరుతో తన బ్రౌజర్‌లో పెట్టింది. పేరులో ఎక్స్‌ఎంఎల్ ఉన్నా అది ఏ డేటానైనా తెస్తుంది; ఇప్పుడు ఎక్కువగా తెచ్చేది జేసన్ రూపంలోని డేటా.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్, మరుసటి ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాక అందరి చూపూ ఈ పద్ధతి మీద పడింది. ఆ ఫిబ్రవరిలోనే జెస్సీ జేమ్స్ గారెట్ దీనికి అజాక్స్ అని పేరు పెట్టారు.

ఈ పద్ధతిని కొత్తగా నేర్చుకునేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది బ్రౌజర్ పెట్టే కాపలా నియమం. ఫ్రంటెండ్ లోకల్‌హోస్ట్ 3000 పోర్టులో, బ్యాకెండ్ 8000లో నడుస్తుంటే బ్రౌజర్ లెక్కలో అవి రెండు వేర్వేరు చోట్లు. బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రగా, ఈ నియమం తాలూకు కోర్స్ ఎర్రర్ కనబడగానే సర్వర్ పడిపోయిందనుకుంటారు. చాలాసార్లు అభ్యర్థన సర్వర్‌కు చేరుతుంది, జవాబూ తిరిగి వస్తుంది. ఆ జవాబు చదవడానికి సర్వర్ తన హెడర్‌లో అనుమతి ఇవ్వలేదు కాబట్టి బ్రౌజర్ దాన్ని మన స్క్రిప్టు చేతికి ఇవ్వదు. ఈ కాపలా లేకపోతే, మనం తెరిచిన ఏ సైటైనా మన లాగిన్‌ను వాడుకుని మన బ్యాంకు వివరాలు చదివేయగలిగేది. విసుగు తెప్పించినా ఇది ఉండి తీరాల్సిందే.

2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42తో ఇదే పనికి ఫెచ్ అనే కొత్త ఫంక్షన్ వచ్చింది. కోడ్ చాలా తేలికైంది. అయితే అడిగింది లేదనే 404 వచ్చినా, సర్వర్‌లో లోపమనే 500 వచ్చినా ఫెచ్ దాన్ని వైఫల్యంగా లెక్కపెట్టదు. రెస్పాన్స్‌లోని ఓకే విలువ ట్రూనా కాదా అని మనమే చూసుకోవాలి. నాకు ఇది సబబుగానే తోస్తుంది. అడిగింది లేదని సర్వర్ చెప్పినా అది జవాబే కదా!

ఫెచ్ వచ్చినంత మాత్రాన పాతదాని పని అయిపోలేదు. ఫొటో ఎక్కిస్తున్నప్పుడు ఎంత శాతం వెళ్లిందో చూపించాలంటే ప్రోగ్రామర్లు నేటికీ ఆ ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌నే పిలుస్తున్నారు.