పాత కంప్యూటర్లకు పదవీ విరమణ

చిరకాలము కొలువు చేసిన ఉద్యోగికి విరమణ దినము వచ్చినట్లే ప్రభుత్వ కార్యాలయములలోని యంత్రములకును వచ్చును. కాని యంత్రమును పంపివేయుట మనిషిని పంపివేయుటకంటె కష్టము. అమెరికా ప్రభుత్వపు అనుభవము ఇందుకు మంచి ఉదాహరణము.

మెయిన్‌ఫ్రేమ్ అనునది పెద్ద కార్యాలయములకై నిర్మింపబడిన భారీ కంప్యూటరు. లక్షలాది ప్రజల పన్నులు, పింఛనులు, భత్యములు లెక్కించుట దాని పని. 1964లో ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 అను శ్రేణిని ప్రకటించిన పిమ్మట ఇట్టి యంత్రములు విరివిగా వ్యాపించినవి. వాటికి వ్రాసియిచ్చిన ఆదేశముల వరుసకు ప్రోగ్రామని పేరు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ అను భాషలో పెక్కు ప్రోగ్రాములు వ్రాయబడినవి.

యంత్రము వేరు, ప్రోగ్రాము వేరు అను సంగతిని సభ్యులు ముఖ్యముగా గమనింపవలెను. యంత్రము పాతబడినచో క్రొత్తది కొనవచ్చును. మెయిన్‌ఫ్రేములు నేటికిని క్రొత్తగా తయారగుచునే యున్నవి. 2018 ఏప్రిల్ 17న, పన్ను దాఖలుకు గడువు ముగియు దినముననే, అమెరికా పన్నుల శాఖ కంప్యూటర్లు కొన్ని గంటలు స్తంభించినవి. గడువును ఒక దినము పొడిగింపవలసివచ్చినది. ఆనాడు చెడిన యంత్రభాగము వయస్సు ఏడాదిన్నర మాత్రమే! దానిపై నడచుచున్న ప్రోగ్రాము మాత్రము 1960 ప్రాంతముది.

మరి ఆ ప్రోగ్రామును ఏల మార్చరు? ఏ చట్ట సవరణ ననుసరించి ఏ మినహాయింపు చేర్చిరో ఆ ప్రోగ్రాములో తప్ప వేరెచ్చటను కానరాకపోవచ్చును. వ్రాసినవారు ఎన్నడో విరమించిరి. మన రాష్ట్రమున 1984లో కరణముల పదవులు రద్దైన సందర్భమును పెద్దలు స్మరింతురు గాక. దస్త్రములు చేతికి వచ్చినను, వాటిలోని గురుతులకు అర్థము చెప్పగలవాడు లేనిచో అవి కాగితములే కదా!

2020లో కరోనా వ్యాధి వ్యాపించి లక్షలాది జనులు పనులు కోల్పోగా, న్యూజెర్సీ రాష్ట్రమున నిరుద్యోగ భత్యపు దరఖాస్తులు వెల్లువెత్తినవి. అచ్చటి యంత్రవ్యవస్థలలో కొన్నిటికి నలువదేండ్లు దాటినవి. కోబాల్ తెలిసినవారు స్వచ్ఛందముగా తోడ్పడవలెనని గవర్నరు ఫిల్ మర్ఫీ బహిరంగముగా కోరెను. పాత భాషయే దోషి యనుట న్యాయము కాదు. ఒక్కసారిగా వచ్చిపడిన భారము సామాన్యమైనది కాదు. కాని భత్యము అందని కుటుంబమునకు ఈ వివరణము వలన కడుపు నిండదు.

ఖర్చు సంగతియు చూడుడు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2016 నివేదిక ప్రకారము, అంతకుముందు ఆర్థిక సంవత్సరమున కంప్యూటర్లపై వెచ్చించిన 8,000 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ములో సుమారు ముప్పాతిక భాగము ఉన్నవాటిని నడుపుటకే సరిపోయినది.

విరమణకు అనుభవజ్ఞులు అనుసరించు మార్గము నెమ్మదియైనది. మొదట నియమములన్నియు ప్రోగ్రాము నుండి వెలికితీసి కాగితముపై పెట్టుదురు. పిదప పాతదానిని, క్రొత్తదానిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడిపి రెండింటి లెక్కలను సరిపోల్చుదురు. తేడా లేదని తేలిన పిమ్మటనే పాతదానిని ఆపుదురు. అంతరిక్ష సంస్థ నాసా తన చివరి మెయిన్‌ఫ్రేమును 2012లో ఆపివేసెను.

మన పంచాయతీల లెక్కలకు 2020 ఏప్రిల్ 24న ఇ-గ్రామస్వరాజ్ ప్రారంభింపబడినది. ఇక ముందును పద్ధతులు మారుచుండును. అట్లు మారినపుడెల్ల పాత నగదు పుస్తకపు ముగింపు నిల్వ క్రొత్తదానిలో ప్రారంభ నిల్వగా పైసతో సహా చేరినదా యని సభ్యులు కార్యదర్శిని అడిగి, రెండింటిని ఎదుట పెట్టించుకొని చూచుకొనవచ్చును. పాత పుస్తకమును అంతవరకు అటకపైకి ఎక్కింపనీయకుడు.