రంగుకు ముందు రేకు
అమెరికాలో పాత పికప్ ట్రక్కును కొని, ఇంటి షెడ్డులోనే తమ ఇష్టానుసారము మలచుకొనువారు పలువురు కలరు. రంగు చల్లుట వారికి ఒక పూట పని. రేకులను సిద్ధము చేయుటకు వారములు పట్టును. కారణమేమి?

ఇనుము తుప్పుగా మారినపుడు దాని ఘనపరిమాణము రెండు రెట్లకు మించును. పూత క్రింద మిగిలిన తుప్పు పెరిగి, పూతనే పైకి లేపును. కావున మెరయు ఉక్కు కనబడువరకు గీకవలెను. అట్టి ఉక్కు తేమగాలిలో కొన్ని గంటలకే మరల తుప్పెక్కును గనుక ప్రైమరును ఆనాడే పూయుట మంచిది. సొట్టలను పూడ్చు లప్పము నీటిని పీల్చును. దానిని పొడిగానే అరగదీయవలెను.

జిడ్డు మరియొక శత్రువు. సిలికోను మెరుగుపూత లేశమంత మిగిలినను, తడి రంగు అచటినుండి తొలగి గుండ్రని గుంటలు పడును. అచట తలతన్యత తగ్గుటయే హేతువు. పళ్ళెములోని నీటిపై మిరియపు పొడి చల్లి, సబ్బు అంటిన వ్రేలిని నడుమ తాకించి చూడుడు. పొడి అంచులకు పరుగిడును. రంగు చేయునదియు ఇదియే.

రెండు ద్రవములు కలిపి చల్లు యురెథేన్ రంగులలో ఐసోసయనేటులుండును. వాని తుంపర పీల్చినచో ఉబ్బసము రావచ్చును. వాసన తగులకున్నను హాని కలుగవచ్చును. గుడ్డ ముసుగు నిరుపయోగము. బయటినుండి శుభ్రమైన గాలినందించు ముసుగు లేనివారు ప్రైమరువరకు తామే చేసికొని, పైపూతను కార్ఖానాకు అప్పగింపవలెను.