రష్యా వారి ఉగ్గుగిన్నె

"ఒరే, ఇదేంట్రా, ఉగ్గుగిన్నెలా ఉంది! ఇంత పెద్దదా?" అంది అమ్మ, అద్దాల బీరువాకి ముక్కు ఆనించి.

ఆర్నెల్లకని వచ్చిన అమ్మని వాషింగ్టన్‌లో హిల్‌వుడ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. వైట్‌హౌస్ అయిపోయింది, గుళ్ళన్నీ అయిపోయాయి, ఇంక చూపించడానికేం మిగల్లేదు. పైగా నాకు రష్యన్ వెండి పిచ్చి కాస్త ఉంది. ఎందుకని మాత్రం అడక్కండి.

అమ్మ చూసినదాన్ని కోవ్ష్ అంటారు. పడవ ఆకారం, ఒక పక్కన పైకి లేచిన పిడి. కాస్త దూరంగా నిలబడి చూస్తే నీళ్ళలో ఈదే బాతు. ఉత్తర రష్యా పల్లెల్లో చెక్కతో చేసుకునేవారు. పెద్దదాంట్లోంచి చిన్నదానితో ముంచుకుని, తేనె పులియబెట్టిన పానీయం తాగేవారు. దాని పేరు 'మ్యోద్'. మన 'మధువు'కీ దానికీ వేరు ఒకటే. గుండ్రంగా బొజ్జకుండలా ఉండేది బ్రాతీనా. 'బ్రాత్' అంటే సోదరుడు, మన 'భ్రాత'కి చుట్టమే. విందులో ఒకరి చేతినుంచి ఒకరికి అందుతూ, అందరూ అందులోనే తాగేవారు. ఇది చెప్పగానే "ఎంగిలి కాదూ!" అంది అమ్మ. మా చరిత్ర పాఠం అక్కడ ఓ రెండు నిమిషాలు ఆగింది.

16, 17 శతాబ్దాల్లో క్రెమ్లిన్ కార్ఖానాల్లో ఇవే వెండి బంగారాలతో తయారయ్యాయి. వెండి, రాగి, సీసం, గంధకం కలిపి కరిగిస్తే వచ్చే నల్లటి పదార్థాన్ని చెక్కిన గీతల్లో నింపి, కాల్చి, మెరుగు పెట్టేవారు. అంచు చుట్టూ యజమాని పేరు. ఆ అక్షరాలు ఒకదాన్లో ఒకటి దూరిపోయి, మన ఒత్తుల మీద ఒత్తుల్లా ఉంటాయి.

తర్వాత పీటర్ చక్రవర్తి వచ్చి యూరప్ అలవాట్లు తెచ్చాడు. విందుకి ఆలస్యంగా వచ్చినవాళ్ళ చేత 'పెద్ద గద్ద' అనే గ్లాసుతో లీటరు పైన మద్యం తాగించిన మనిషి ఆయన. మా ఆఫీసు మీటింగులకి ఆ పద్ధతి లేదు కాబట్టి బతికిపోయాను. కోవ్ష్ మాత్రం బల్ల దిగి బీరువా ఎక్కింది. 18వ శతాబ్దంలో అది తాగే పాత్ర కాదు, దర్బారు ఇచ్చే బహుమానం. మధ్యలో రెండు తలల గద్ద, చుట్టూ ఎవరికి, ఏ సేవకి ఇచ్చారో రాత. కొసక్కు నాయకులకి ఇచ్చేవారు. సారా దుకాణాల రాబడి బాగా వసూలు చేసినవాళ్ళకీ ఇచ్చేవారు. జనం చేత తాగించినందుకు బహుమతి, తాగడానికి పనికిరాని గిన్నె!

ఇవి ఇక్కడికెలా వచ్చాయంటే, 1920, 30ల్లో సోవియట్ ప్రభుత్వానికి విదేశీ డబ్బు కావాల్సొచ్చింది. చర్చిల్లో, జమీందారుల ఇళ్ళల్లో స్వాధీనం చేసుకున్న సామాను అమ్మకానికి పెట్టింది. అమెరికా రాయబారి జోసెఫ్ డేవీస్ 1937లో మాస్కో వెళ్ళాడు. ఆయన భార్య మార్జొరీ పోస్ట్ చాలా కొన్నారు. ఈ ఇల్లు ఆవిడదే. కొన్ని వెండి సామాన్లని పనితనం లెక్కలేకుండా తూకానికే ఇచ్చేశారట.

"తూకానికా?" అంది అమ్మ. ఆపైన ఏమీ అడగలేదు.

కారెక్కాక తనే మొదలెట్టింది. నా ఇంజనీరింగ్ రెండో ఏడు ఫీజుకి అమ్మమ్మ వెండి గ్లాసు అమ్మిన సంగతి నాకు తెలుసు. దాని మీద అమ్మమ్మ పేరుందని తెలీదు.

"పేరున్న చోటే గీకి చూశాడ్రా కొట్టువాడు. తరుగు కూడా తీశాడు," అంది, సీటు బెల్టు సర్దుకుంటూ.