ఉత్తరం ఒకరిది, చేతిరాత ఇంకొకరిది

1931 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 9.5 మంది. అప్పటికి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే ఊరిగా నిలదొక్కుకుని మూడు దశాబ్దాలు అవుతోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల నోట బీఎన్ఆర్, 1887లో పుట్టిన కంపెనీ. తూర్పు తీరపు రైలుమార్గంలో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న భాగం 1902 నాటికి దాని చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలూ, ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే కంపెనీ పట్టాల మీదకి వచ్చాయి. ఊళ్లో పని దొరకనివాడు రైలెక్కితే సుమారు 650 కిలోమీటర్ల అవతల నెలజీతం ఉండేది. మథురాకాటీ, నింపురా వంటి రైల్వే కాలనీల్లో ఇప్పటికీ వినిపించే తెలుగు అలా వెళ్లి స్థిరపడినదే.

మనిషి వెళ్లాడు సరే, ఇంటికి కబురు ఎలా పంపాలి? నూటికి 9.5 అన్న లెక్కను ఆ క్వార్టర్ల వరసకు పెట్టి చూడండి. పదిమంది ఖలాసీలున్న చోట ఉత్తరం రాయగలవాడు మహా అయితే ఒక్కడు. అవతల పల్లెలో ఉన్న భార్య సంగతి ఇంకా కష్టం. ఇరవై ఏళ్ల తర్వాత, 1951లో కూడా దేశ అక్షరాస్యత 18.33 శాతం, ఆడవాళ్లలో 8.86 శాతమే. అంటే భర్త చెబుతుంటే ఒకరు రాసిన ఉత్తరాన్ని భార్యకు ఇంకొకరు చదివి వినిపించాలి. మొగుడూ పెళ్లాల మాటకు మధ్యలో ఇద్దరు పరాయివాళ్లు.

డబ్బిచ్చి తన అనుభవాలను ఇంకొకరిచేత రాయించుకుని, కింద తన పేరు మాత్రమే వేసుకోవడం తప్పా కాదా అన్న చర్చ ఈమధ్య గట్టిగా జరుగుతోంది. ఘోస్ట్ రైటర్ అన్న మాట సినిమావాళ్ల దగ్గర నుంచి మామూలు జనం దాకా వచ్చింది. రాజకీయ నాయకుడికీ, డాక్టరుకీ, రిటైరైన ఆఫీసరుకీ ‘నేను’ అంటూ రాసిపెట్టేవాళ్లు దొరుకుతున్నారు. ఈ చర్చలో చాలామంది చేతిరాత ఎవరిదన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఖరగ్‌పూర్ ఉత్తరాలను బట్టి చూస్తే నాకు అసలు చిక్కు అక్కడ లేదనిపిస్తుంది.

మనియార్డరు ఫారం సంగతే తీసుకోండి. మన దేశంలో 1880 జనవరి 1న మొదలై 2015 దాకా పాత పద్ధతిలో నడిచిన సేవ అది. చివరి దశాబ్దాల్లో వంద రూపాయలు పంపితే కమీషను 5 రూపాయలు. ఫారం అడుగున చిన్న కూపను ఉండేది, నాలుగు ముక్కలు రాసుకోవడానికి. డబ్బుతోపాటు ఆ కూపను అందుకునేవాళ్ల చేతికి వెళ్లేది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి సంతకంలోనే ఈ వ్యవహారానికి కావలసిన న్యాయమంతా ఉంది. సొమ్ము ఒకరిది, అందుకున్న వేలు ఒకరిది, చూసి రాసినవాడు ఇంకొకడు. ముగ్గురూ కాగితం మీద కనబడతారు.

ఉత్తరంలోనూ అంతే. తన మనిషికి రాయడం రాదని భార్యకు తెలుసు. ఫలానావాడు రాసి ఉంటాడని అక్షరాల తీరును బట్టి చదివిపెట్టేవాడు చెప్పేస్తాడు. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. కానీ నష్టం ఒకటి జరిగింది. “రాయి బాబూ, ఇక్కడ అందరం కులాసా, అక్కడ మీరూ కులాసా అని తలుస్తాను” అని మొదలుపెట్టిన మనిషి, పక్కింటి కుర్రాడు కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, భార్యకు చెప్పాలనుకున్న మాట ఎలా చెబుతాడు? వానలు పడ్డాయా, ఆవు ఈనిందా, పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగి ఊరుకుంటాడు. చేతిరాత పరాయిదైతే మొదట జారిపోయేది మనసులో మాట.

ఇవాళ ఇది సరిగ్గా తిరగబడింది. రాయించుకునే మనిషి చెప్పని మనసులో మాటను రాసేవాడు తెచ్చి చేరుస్తున్నాడు.

ఇది ఎలా జరుగుతుందో లెక్కల్లోనే చూడవచ్చు. మనిషి తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు అనుకుందాం. గంట కూర్చుంటే 6,000. అచ్చుకు కావలసింది 1,000 మాటల వ్యాసం. అంటే నూటికి 83 మాటలు తీసిపారెయ్యాలి. ఏవి ఉంచాలి, ఏవి తియ్యాలి అన్నది రాసేవాడి చేతిలోనే ఉంటుంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు, ఎడిటరు చేసే పనీ అదే. ఒక రిటైర్డ్ గార్డు, ఇప్పటి మాటలో ట్రైన్ మేనేజరు, “మా నాన్న పోయిన్నాడు సెలవు దొరకలేదు, డూటీకి వెళ్లిపోయాను” అని ఒక్క వాక్యంలో తేల్చేశాడనుకోండి. రాసేవాడికి అది చప్పగా కనిపిస్తుంది. “పచ్చజెండా ఊపుతున్న నా చెయ్యి వణికింది, కన్నీళ్లలో ప్లాట్‌ఫారం మసకబారింది” అని రాస్తాడు. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ చెయ్యి వణకలేదు. ఆ మనిషి ఆ రోజు ఎలా తట్టుకున్నాడో ఆ ఒక్క పొడి వాక్యంలోనే ఉంది, దాన్నే తీసేశారు. పైగా అతని ఉత్తరాంధ్ర యాసా, హిందీ బెంగాలీ మాటలు కలిసిన ఖరగ్‌పూర్ తెలుగూ పోయి పత్రికల తెలుగు వచ్చి కూర్చుంది. తండ్రి పేరుతో అచ్చయిన దాన్ని చదివి కూతురు, ఇది నాన్న మాట్లాడినట్టు లేదే అనుకుంటుంది. నా దృష్టిలో తప్పు ఇక్కడ మొదలవుతుంది.

ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడటం దానంతట అది దోషం కాదనడానికి ఆ పట్టాల మీదే ఇంకో సాక్ష్యం ఉంది. 1928లో ఉద్యోగాల తొలగింపు మీద బీఎన్ఆర్ కార్మికులు చేసిన సమ్మెకు ముందు నిలబడినవాడు వి.వి.గిరి, తరవాత రాష్ట్రపతి అయిన మనిషే. ఆయన్ని చూసి ఎవరూ ఖలాసీ అనుకోలేదు. యూనియన్ నాయకుడు కార్మికుల కోసం మాట్లాడుతున్నాడని కంపెనీకీ తెలుసు, కార్మికులకూ తెలుసు. ‘మేము’ అన్నప్పుడు ఆ మాటకు బాధ్యుడెవరో దాచలేదు.

తెలుగు అచ్చులోనూ దాచకుండా చేసిన పుస్తకాలున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వేసింది. చెప్పినవాళ్ల పేర్లు చెప్పినవాళ్లకే ఉన్నాయి, రాసి కూర్చినవాళ్లు ఎవరో పుస్తకమే చెబుతుంది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చినప్పుడు దాన్ని కథనం చేసిన విమల, కాత్యాయనిల పేర్లు దాచలేదు. దానివల్ల స్వరాజ్యం గొంతు తగ్గిందా? తగ్గలేదు. అమెరికాలో ఇంకోరకం జరిగింది. 1957లో జాన్ ఎఫ్. కెనెడీకి పులిట్జర్ బహుమతి తెచ్చిన ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ పుస్తకంలో చాలా అధ్యాయాలకు తొలి ప్రతి తానే రాశానని ఆయన సహాయకుడు థియోడర్ సోరెన్సన్ 2008లో తన ఆత్మకథలో రాశాడు. బహుమతికీ ఆ మాటకూ మధ్య 51 ఏళ్లు. పేరు చెప్పి ఉంటే ఆ పుస్తకం విలువ పోయేది కాదు. బహుమతి ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం వచ్చేది.

రాత చూసి మనిషిని తూచే చోట ఇంకొకరిచేత రాయించుకోవడం సూటిగా మోసమే. విదేశీ యూనివర్సిటీ సీటు కోసం పెట్టే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అలాంటిది. నువ్వెవరు, ఏం ఆలోచిస్తావు అని అడిగిన ప్రశ్నకు ఇంకొకరు జవాబు రాసిస్తే అది పరీక్షహాల్లో వేరేవాణ్ణి కూర్చోబెట్టడమే. మన ఊళ్లలో కొందరు దీన్ని సర్వీసు పేరుతో అమ్ముతున్నారు, తల్లిదండ్రులు బిల్లు కడుతున్నారు. ఇక్కడ నిబంధనల లెక్కలు కూడా సాయపడవు. థీసిస్‌లలో కాపీ పట్టుకోవడానికి యూజీసీ 2018లో తెచ్చిన నియమాల్లో పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కొత్తగా కూర్చుని వేరేవాడు రాసిపెట్టిన థీసిస్ ఆ 10 శాతం లోపే తేలుతుంది. అరువు వాక్యాలు దొరుకుతాయి గాని అరువు రచయిత దొరకడు.

సరుకు అమ్మే చోట చట్టం కాస్త గట్టిగానే ఉంది. ఈ నూనె రాసుకుంటే నా మోకాళ్ల నొప్పి పోయింది అని ఒకరి పేరుతో, ఆయన వాడకుండానే, ఏజెన్సీవాళ్లు రాసిపెడుతుంటారు. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సరుకును మెచ్చుకునే మాట ఆ మనిషి నిజమైన అభిప్రాయమై ఉండాలి, దానికి తగిన సమాచారమో అనుభవమో ఆధారంగా ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు, దాన్ని మెచ్చుకున్న మనిషికి కూడా, మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. ప్రకటనల్లో కనబడకుండా ఏడాది, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్ల దాకా నిషేధం కూడా ఉంది. ఎవరు రాశారన్నది ఈ చట్టం అడగదు, చెప్పినది నిజమా అని అడుగుతుంది. అదే సరైన ప్రశ్న అని నా నమ్మకం.

ఇక రాసేవాడి సంగతి. అతని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, మోసపోయేదీ ఎక్కువగా అతనే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. దాని లెక్కలో రచయిత అంటే వాక్యాలు కూర్చినవాడు. జీవితం గార్డుదే, సంఘటనలు ఆయనవే, కాని సంఘటనల మీద కాపీరైట్ ఉండదు. వాటిని చెప్పిన వాక్యాల మీదే ఉంటుంది. రాసేవాడు జీతగాడు కాకుండా విడిగా పని ఒప్పుకున్నవాడైతే, రాతమూలకంగా బదలాయించేదాకా ఆ వాక్యాలు అతనివే. బదలాయింపు కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే, వేరేలా రాసుకుంటే తప్ప, అది చెల్లిపోతుంది. కాపీరైట్ గడువు రచయిత చనిపోయాక 60 ఏళ్లు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది 57వ సెక్షను. కాపీరైట్ మొత్తం అమ్మేసుకున్నా, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుందని అందులో ఉంది. నోటి మాట మీద నాలుగు వేలు చేతిలో పెట్టి, పేరు మాట ఎత్తకూడదు అని పంపేసేవాళ్లకు ఈ సెక్షను సంగతి తెలియదు, రాసిపెట్టే కుర్రాళ్లకు అసలే తెలియదు.

కంప్యూటరు చేత రాయిస్తే ఇదే చట్టం వేరేగా చెబుతుంది. అలాంటి రచనకు, దాన్ని పుట్టించేలా చేసిన మనిషే రచయిత. యంత్రానికి పేరూ కూలీ అక్కర్లేదు కాబట్టి రాసేవాడి హక్కు గొడవ తప్పుతుంది. పాఠకుడి గొడవ మాత్రం అలాగే ఉంటుంది. వణకని చెయ్యి వణికిందని యంత్రం ఇంకా తేలిగ్గా రాసిపెడుతుంది.

మళ్లీ ఖరగ్‌పూర్‌కు వస్తే, అక్షరాస్యత అంకెలు మారిపోయాయి. 2011లో ఆ ఊరున్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో 78 శాతం. పాత ఊళ్లున్న శ్రీకాకుళంలో 61.74, విజయనగరంలో 58.89. వలస వెళ్లిన చోటు ముందుకు పోయింది. అయితే జనాభా లెక్కలవాళ్లు ఏదో ఒక భాషలో చదివి రాయడం వస్తే అక్షరాస్యుడనే రాసుకుంటారు. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న తెలుగు పిల్లలు ఆ లెక్కలో పూర్తిగా అక్షరాస్యులు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు రాయమంటే రాయలేరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ హోదాతో తెలుగులో అర్జీ పెట్టాలంటే చాలా ఇళ్లలో రాసిపెట్టే మనిషి మళ్లీ కావాలి. 1931లో తాతకు అక్షరం రాక కావలసి వచ్చాడు. మనవడికి మూడు లిపులు వచ్చి, తెలుగు లిపి రాక కావలసి వస్తున్నాడు.

కాబట్టి అక్కడి పెద్దవాళ్ల జీవితాలు అచ్చులోకి రావాలంటే ఇంకొకరు రాయక తప్పదు, రాయాలి కూడా. వర్క్‌షాపు తొలి తరాలవాళ్ల మాటలు చాలావరకు రాయకుండానే పోయాయి. ఇప్పుడున్నవాళ్లవి పోకూడదు. పని మొదలుపెట్టేముందు కాగితం మీద పెట్టుకోవలసినవి ఇవి: పుస్తకం మీద ‘చెప్పినవారు’, ‘రాసినవారు’ అని రెండు పేర్లూ ఉండాలి. అచ్చుకు పంపేముందు మొత్తం చెప్పినవాళ్లకు చదివి వినిపించాలి, వద్దన్న వాక్యం తీసెయ్యాలి. డబ్బు ఎంత, హక్కు ఎన్నేళ్లు, ఏయే దేశాలకు అన్నది రాసుకోవాలి. మాటలన్నీ రికార్డు చేసి ఇద్దరి దగ్గరా ఒక్కో ప్రతి ఉంచుకోవాలి. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన గంట ఆడియో 60 ఎంబీ లోపే వస్తుంది. ఇరవై గంటలు కూర్చోబెట్టి ఒక రైల్వే మనిషి జీవితమంతా చెప్పించుకున్నా 1.2 జీబీ మించదు.