క్రింది గొంతు

మన భజనలో పదిమంది పాడినను స్వర మొక్కటే. పాశ్చాత్యుల జనప్రియగీతములలో నట్లు గాదు: ఒకరు షడ్జమము నందుకొన, వేఱొకరు గాంధారమును, మఱొకరు పంచమమును అదే పలుకునకు, అదే క్షణమున జతపఱతురు.

అమెరికాలో మినియాపొలిస్ నగరమున బుట్టిన ఆండ్రూస్ అక్కచెల్లెండ్రు ముగ్గురు 1937లో నీ విద్యచేతనే ప్రసిద్ధికెక్కిరి. కడగొట్టు చెల్లెలు పాటీ అసలు పాట నెత్తుకొనెడిది. నడిమిది మాక్సీన్ పైస్థాయిని, అక్కగారైన లవెర్న్ క్రిందిస్థాయిని పాడెడివారు. వినువారికి బాటీ గొంతే తోచును. లవెర్న్ గొంతును వేఱుగా గుర్తించువా రరుదు. పెద్దకోడలి పనియు నిట్టిదే గదా! చిన్ననాడు మూకచిత్రశాలలో పియానో వాయించి, ప్రతిఫలముగా దనకును జెల్లెండ్రకును నృత్యశిక్షణ సమకూర్చినదియు నామెయే.

1967లో లవెర్న్ గతించెను. మఱొక గాయనిని జేర్చుకొనిరి గాని, మఱుసటి యేడే యా బృందము చెదరెను.