గడ్డకట్టు చలిలో లారీ యింజను

మన కూరెకుప్ప వాసులకు లారీ క్రొత్త కాదు. సండూరు కొండల ఇనుప ఖనిజమును, తోరణగల్లు ఉక్కును మోయు బండ్లు రేయింబవళ్లు మన కన్నులయెదుట తిరుగుచుండును. మాఘమాసపు తెల్లవారుజామున నైనను ఇచ్చట ఒకమారు సెల్ఫు కొట్టిన చాలును. కావున ఇంజనును ముందుగా వెచ్చచేయవలసిన ప్రదేశములు కలవన్న మాట మనకు వింతగా తోచును. కాని మన బిడ్డల తండ్రులలో దూరప్రయాణములు చేయు డ్రైవర్లు కలరు. శీతకాలమున కాశ్మీరమునకో లడాఖునకో పోవలసివచ్చినవారికి ఇది ప్రాణముతో ముడిపడిన విషయము. అందుచే దీనిని వివరింప బూనితిమి.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును వెలిగించును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ లేదు. అందు పిస్టను గాలిని సుమారు 16 నుండి 20వ వంతునకు అణచును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుట పిల్లలందరు నెరుగుదురు. అట్లే అణగిన గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కగా, అందు చిమ్మబడిన డీజిలు తనంతట తానే మండును.

సున్నకు 20 డిగ్రీలు దిగువనున్న చలిలో ఆ వేడిని చల్లని ఇనుమే హరించును. ఇంజను ఆయిలు చిక్కబడి తిరుగుడు మందగించును. బ్యాటరీ బలము ఇంచుమించు సగమగును. డీజిలులోని మైనము పేరుకొని ఫిల్టరును మూసివేయును.

ఇందులకు పెక్కు సాధనములు కలవు. గ్లో ప్లగ్గు అనునది ఇంజను లోపలి మంటగదిని కొన్ని క్షణములలో వేడిచేయును. పెద్ద లారీలలో లోనికి పోవు గాలినే వేడిచేయు హీటరుండును. బ్లాకు హీటరు మన యిండ్లలో నీళ్లు కాచు కరెంటు కడ్డీ వంటిది. ఇంజను చుట్టునున్న నీటిని రెండు మూడు గంటలు వెచ్చచేయును. అమెరికాలోని ఉత్తర డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇట్టి హీటరునకు 1949లో పేటెంటు పొందెను. కెనడాలో చలి మిక్కుటమగు ప్రాంతములందు రాత్రివేళ బండి తీగను ప్లగ్గున తగిలించుట నిత్యకృత్యము. కరెంటు లేనిచోట, బండి ట్యాంకులోని డీజిలునే మండించి నీటిని కాచు చిన్న హీటరులు కలవు.

అయితే ఇంజను వెచ్చబడినంత మాత్రమున ట్యాంకులోని మైనము కరగదు. ఇంధనమును తగినదై యుండవలెను. లడాఖు వంటి ప్రదేశములకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో ప్రత్యేక శీతకాలపు డీజిలును ప్రవేశపెట్టెను. అది సున్నకు 33 డిగ్రీలు దిగువనైనను పారును. మన ప్రాంతపు డీజిలుతో ట్యాంకు నింపుకొని మంచుకొండల నెక్కుట తగదు.

ఇక ముఖ్యమైన మాట. హీటరు లేనపుడు కొందరు ట్యాంకు క్రిందనో, ఆయిలు చాంబరు క్రిందనో మంట పెట్టుదురు. కారిన డీజిలు అంటుకొన్నచో బండియు మనిషియు దక్కరు. మరికొందరు క్యాబినులో బొగ్గుల కుంపటి నుంచుకొని, అద్దములు బిగించి నిద్రింతురు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

తల్లిదండ్రులకు మా విన్నపము: ఇంటివారెవరైన ఉత్తరాదికి బయలుదేరునపుడు ఈ పుటను పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. బ్యాటరీ, ఆయిలు, డీజిలు సంగతులు అప్పుడే విచారించుకొనుడు. బండి ఒక పూట ఆలస్యమైనను సరియే. క్యాబినులో కుంపటి మాత్రము వలదని గట్టిగా చెప్పి పంపుడు.